పాత బేస్ గిటార్‌ను ఫ్రెట్‌లెస్‌గా మార్చుకోవడం ఎలా?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు చర్చి బృందాల దగ్గరో, పెళ్ళి ఆర్కెస్ట్రాల దగ్గరో మెట్లు (మెడ మీది లోహపు ఫ్రెట్లు) అరిగిపోయిన బేస్ గిటార్ ఒకటి మూలన పడి ఉంటుంది. చవక గిటార్‌కి కొత్త మెట్లు వేయించడం గిట్టుబాటు కాదు. దాన్ని పాతసామాన్ల వాడికి వేసేముందు, ఉన్న మెట్లు కూడా పీకేసి ఫ్రెట్‌లెస్ చేసే సంగతి ఆలోచించండి.

ఎందుకంటే జాకో పాస్టోరియస్. 1951లో పుట్టి 1987లో పోయిన ఈ అమెరికన్ బేసిస్టు చేతిలో స్వరం మీటిన తర్వాత ఉబ్బుతుంది, మనిషి గొంతులా 'మ్వా' అని సాగుతుంది. ఫ్రెట్‌లెస్ బేస్‌ను కనిపెట్టింది ఆయన కాదు, ఆంపెగ్ కంపెనీ 1966లోనే అమ్మింది. కానీ జాకో వాయించింది 1962 నాటి మామూలు ఫెండర్ జాజ్ బేస్. దాని మెట్లు తీసేసి, గాళ్ళు పూడ్చి, పడవలకు వాడే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) పూశారు. మెట్లు వెన్న రాసే కత్తితో పీకానని ఆయన ఒకసారి, కొనేటప్పటికే అవి లేవని మరోసారి చెప్పాడు. ఏది నిజమైనా మీరు కత్తి జోలికి పోకండి. ఆ గిటార్ 1986లో న్యూయార్క్‌లో పోయింది. ఇరవై ఏళ్ళు దాటాక బయటపడితే, కుటుంబానికి దక్కేలా చూసినవాడు మెటాలికా రాక్ బృందం బేసిస్టు రాబర్ట్ ట్రుహియో.

చేత్తో చేసుకున్న వాయిద్యం మనవైపు కొత్తేమీ కాదు. వెదురుకర్ర, సొరకాయ బుర్రలతో చేసే పన్నెండు మెట్ల కిన్నెరకు నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య 2022లో పద్మశ్రీ తెచ్చిపెట్టారు.

సరైన గిటార్ ఎంచుకోవడం

మెడ బోల్టులతో బిగించినదై ఉండాలి, విప్పి బల్ల మీద పెట్టుకోవచ్చు. మెడ లోపలి ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోహపు కడ్డీ) తిరుగుతోందో లేదో అలెన్ కీ వేసి చూడండి. రాడ్ పట్టేసి ఉంటే ఆ గిటార్ వద్దు. ఇంకొకరిదైతే అసలే వద్దు, ఒకసారి పీకాక మళ్ళీ మెట్లు వేయడం పెద్ద పని.

మెట్లు పీకడం

తీగలు తీసి ట్రస్ రాడ్ వదులు చేయండి. మేకులు పీకే పట్టకారు మూతిని గ్రైండర్ మీద చదునుగా అరగదీయిస్తే అదే పనిముట్టు. సోల్డరింగ్ ఐరన్‌ను ఒక్కో మెట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరకు అర నిమిషం జరుపుతూ పోండి. లోపలి జిగురు మెత్తబడుతుంది. అప్పుడు ఒక కొన దగ్గర పట్టకారు మూతి దూర్చి నెమ్మదిగా నొక్కుతూ వెళితే మెట్టు దానంతటదే పైకి లేస్తుంది. పైకి గుంజితే చెక్క పెచ్చు లేచిపోతుంది. చిన్న పెచ్చులు ఎలాగూ లేస్తాయి, వాటిని పారేయకుండా అక్కడికక్కడే ఫెవిక్విక్‌తో అతికించండి.

గాళ్ళు పూడ్చడం

గాడి అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు ఉంటుంది. వడ్రంగి దగ్గర దొరికే వెనీర్ (పల్చటి చెక్క) పట్టీ అందులో సరిపోతుంది. లేత రంగు వెనీర్ వేస్తే మెట్లున్న చోట గీతలు కనిపిస్తాయి, మొదటిసారి వాయించేవాళ్ళకు అవే దిక్కు. ఖాళీ గాళ్ళు అలాగే వదిలేస్తే తీగల లాగుడుకు మెడ ముందుకు వంగుతుంది, కాబట్టి ఈ పనిలో బద్ధకం వద్దు. పల్చటి సూపర్ గ్లూ చుక్కలు వేసి, ఆరాక మిగిలిన పట్టీని పదునైన బ్లేడుతో చెక్క మట్టానికి కోయండి.

చదును చేయడం

పని పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. గిటార్ మెడ పలక పైకి కొంచెం గుండ్రంగా ఉంటుంది, చదునైన చెక్కతో రుద్దితే ఆ గుండ్రం పోతుంది. ముందు సాండ్ పేపర్‌ను గరుకు వైపు పైకి ఉండేలా పలక మీద పరచండి. ప్యాకింగ్ పెట్టె చెక్క ముక్కను దాని మీద నిలువునా రుద్దుతూ పోతే ముక్క అడుగున సరిగ్గా ఆ వంపే పడుతుంది. ఇక సాండ్ పేపర్‌ను ఆ ముక్కకే చుట్టి, 120 నుంచి 400 నంబరు దాకా నిలువునా రుద్దండి. మాస్క్ పెట్టుకోండి, రోజ్‌వుడ్ పొడి కొందరికి పడదు.

ఎపాక్సీ పూత

జాకో శబ్దంలోని మెరుపు కావాలంటే రౌండ్‌వౌండ్ తీగలు (పైన గుండ్రటి సన్న తీగ చుట్టి గరుకుగా ఉండేవి) వాడాలి. ఆయన వాడిన రోటోసౌండ్ స్టీల్ తీగలు అలాంటివే, అవి వట్టి చెక్కను తినేస్తాయి. ఎపాక్సీ పూత అందుకే. ఆ తలనొప్పి వద్దనుకుంటే నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, చెక్కకు కాస్త నూనె పట్టించి వదిలేయండి. శబ్దం మెత్తగా, పాత డబుల్ బేస్ దారిలో ఉంటుంది. చర్చిలో పాటలకు నాకైతే అదే నచ్చుతుంది.

పూత వేసేవాళ్ళు టేబుల్ టాప్‌లకు పోసే గట్టి రకం తెప్పించుకోండి. రెండు సీసాల పాళ్ళు డబ్బా మీద ఉన్నట్టే తూచి కలపండి, అందాజుగా పోస్తే ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. నల్లగొండ ఎండాకాలంలో ఎపాక్సీ గిన్నెలోనే గట్టిపడుతుంది. వానాకాలం తేమకు పైన తెల్లటి పొర కడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మంచి సమయం. రైస్ మిల్లుల పక్కన ఉండే మిర్యాలగూడవాళ్ళు తలుపులు మూసి, నేల తడిపి, మెడ మీద అట్టపెట్టె బోర్లించాలి, లేదంటే ఊక దుమ్మంతా పూతలోనే ఉంటుంది. పల్చగా రెండు మూడు పొరలు చాలు. వారం ఆరనిచ్చి, తడి సాండ్ పేపర్‌తో 2000 నంబరు దాకా తీసుకెళ్ళి, కారు పాలిష్‌తో మెరిపించండి.

సెట్ చేయడం, వాయించడం

మెట్లు లేవు కాబట్టి తీగలు పలకకు ఎత్తుగా ఉంటాయి. నట్‌లోని (మెడ తల దగ్గర తీగలు ఆనే పట్టీలోని) గాళ్ళను, మొదటి గీత దగ్గర విజిటింగ్ కార్డు మాత్రమే దూరేంత కిందికి ఆకురాయితో దించండి. తర్వాత బ్రిడ్జి (రెండో చివర తీగలు ఆనే భాగం) దించండి. మెడ దాదాపు నిటారుగా ఉండాలి. ఆ 'మ్వా' వచ్చేది ఈ సన్నని ఎడంలోనే. మీటినప్పుడు తీగ పలకను పొడవునా లీలగా తాకుతుంది. తీగ ఎత్తుగా ఉంటే ఎంత ఖరీదైన గిటార్ అయినా మూగగానే ఉంటుంది.

బ్రిడ్జి వైపు పికప్ (తీగల కదలికను పట్టే అయస్కాంతపు భాగం) సౌండు పూర్తిగా తెరిచి, రెండోదాన్ని తగ్గించి, కుడి చేతి వేళ్ళతో ఆ పికప్ మీదే మీటండి. ఎడమ చేతి వేలు గీతల మధ్య కాదు, గీత మీదే పడాలి. స్వరాన్ని కదిపేటప్పుడు తీగను పక్కకు లాగకుండా, వయొలిన్ వాయించేవాళ్ళలా తీగ పొడవునా ముందుకూ వెనక్కూ ఊపాలి.

ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని, ఒకే తీగ మీద సా, పా, పై సా పలికించండి. ఏదైనా పక్కకు జారితే తంబూరాతో గొడవపడినట్టు వినిపిస్తుంది, ఆగి వేలు జరపండి. ఆ మూడూ కుదిరేదాకా వేగం జోలికి వెళ్ళొద్దు, ఆదివారం చర్చిలో పెద్ద సౌండు పెట్టినప్పుడు అపస్వరం దాచుకోవడానికి ఇక్కడ మెట్లు లేవు.