దయ్యం కథలో మనిషి మారాలంటే

చీకటి యానిమే (జపాన్ తరహా యానిమేషన్) కథకు దయ్యం కన్నా ముందు హీరో కోరిక రాసుకోండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద ఒక పిల్లగాడికి చనిపోయినోళ్ల గొంతులు వినపడతాయనుకుందాం. వాడికి కావాల్సింది ముంబైకి వలసపోయి తిరిగిరాని నాయిన జాడ. ఇప్పుడు శక్తికి ధర పెట్టండి: గొంతు విన్న ప్రతిసారీ నాయిన జ్ఞాపకం ఒకటి పోతుంది. ధర కోరికనే కొరకాలి. ముక్కులోంచి రక్తం కారితే సరిపోదు.

12 ఎపిసోడ్లయితే మొదటి మూడింట్లో శక్తి లాభమే చూపించండి. నాలుగులో ధర తెలియాలి, ఎనిమిదిలో తెలిసీ వాడాలి. ‘డెత్ నోట్’ యానిమే ఇంకా తొందరపడుతుంది: పేరు రాస్తే ఆ మనిషి చచ్చే నోట్‌బుక్ దొరికి, నేరస్తులనే చంపుతానన్న హీరో లైట్, రెండో ఎపిసోడ్‌లోనే టీవీలో తనను సవాలు చేసినవాణ్ణి డిటెక్టివ్ అనుకుని చంపేస్తాడు. ఆ ఒక్క పనితో లోపలి అసలు మనిషి బయటపడతాడు.

మార్పును మాటల్లో చెప్పించకండి. రెండో ఎపిసోడ్‌లో నాయిన తువ్వాలను ముఖానికి ఆనించుకున్న పిల్లగాడు, ఏడో ఎపిసోడ్‌లో దాంతోనే కాళ్లు తుడుచుకుంటాడు. తల్లి చూస్తుంది, అంతే.

చాలా కథలు చెడేది ఈ ధర నియమం దగ్గరే. పోయిన జ్ఞాపకాన్ని చివర్లో ఉత్తగా తిరిగిచ్చారంటే, వెనకటి ఎపిసోడ్లన్నిటికీ బరువు పోతుంది.