క్లచ్ మార్చాక గేర్‌బాక్స్ చివరి అంగుళం ఎక్కకపోతే

పాత ట్రక్కు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరుగుతోంది గానీ బండి వేగం పెరగట్లేదు. క్లచ్ పెడల్ ఫ్రీప్లే (క్లచ్ పని మొదలయ్యేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం) సరిచేసినా, క్లచ్ ఆయిల్ మార్చి గాలి తీసినా లాభం లేదు. చివరికి చూస్తే క్లచ్ ప్లేటు రివెట్లదాకా అరిగింది.

కొత్తది వేశాక గేర్‌బాక్స్ తిరిగి ఎక్కిస్తుంటే ఇంజిన్‌కి అంగుళం దూరంలోనే ఆగిపోయింది. ఇక్కడ బోల్టులతో లాగొద్దు, ప్లేటు హబ్ (మధ్య భాగం) వంగుతుంది. మళ్లీ దించి, ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును నొక్కి పట్టేది) బోల్టులు క్లచ్ ప్లేటు కదిలేంత వదులు చేసి, అలైన్‌మెంట్ టూల్‌ని (ప్లేటును మధ్యకు తెచ్చే కడ్డీ) ప్లేటు గుండా పైలట్ బేరింగ్‌లోకి (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనను పట్టే, ఇంజిన్ వైపు చిన్న బేరింగ్) దూర్చి, ఎదురెదురు బోల్టులు అర చుట్టు చొప్పున బిగించాను. టూల్ తేలిగ్గా జారి రావాలి. పట్టేస్తే ప్లేటు మధ్యలో లేనట్టే. స్ప్లైన్లకు (గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద ప్లేటు కూర్చునే పళ్లు) గ్రీజు పలచగానే (ఎక్కువైతే చిమ్మి కొత్త ప్లేటూ జారుతుంది). గేర్‌బాక్స్‌ని జాక్ మీద ఇంజిన్‌తో సమంగా నిలిపి, టాప్ గేర్లో వేసి, వెనక షాఫ్ట్ కొద్దిగా తిప్పితే టక్కున కూర్చుంది.

పైలట్ బేరింగే పాడైతే మాత్రం ఇది చాలకపోవచ్చు.