గ్యాస్ మాత్ర వేసుకున్నా మంట తగ్గకపోతే

గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ 40 మి.గ్రా. పనిచేయట్లేదంటే, నా అనుభవంలో ముందు సరిచేయాల్సింది డోసు కాదు, వేళ. తిండి తగలగానే కడుపులో ఆమ్లాన్ని వదిలే పంపులు మేలుకుంటాయి. వాటిని ఆపాలంటే అప్పటికే మందు రక్తంలో ఉండాలి. అందుకే పరగడుపున, టిఫిన్‌కు 30–60 నిమిషాల ముందు వేసుకోవాలి. మాత్ర నలపకూడదు, పైపూత పోతే ఆమ్లమే మందును పాడుచేస్తుంది. ఒక్క రోజుకే తేల్చేయొద్దు, పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది.

రాత్రి మంటైతే భోజనమయ్యాక 3 గంటలు పడుకోవద్దు. మంచం తలవైపు కోళ్ల కింద 6 అంగుళాల దిమ్మెలు పెట్టండి. ఎత్తు దిండ్లతో నడుము వంగి పొట్ట నొక్కుకుంటుంది, మంట ఇంకా పెరగొచ్చు.

మింగుడుపడకపోయినా, మలం నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఎండోస్కోపీ అవసరం కావచ్చు. కడుపులో పుండ్లు తెచ్చే హెచ్. పైలోరీ బ్యాక్టీరియాకి శ్వాస, మల పరీక్షలైతే డాక్టరును అడిగి 2 వారాల ముందే ఈ మాత్ర ఆపాలి, లేదంటే ఉన్న బ్యాక్టీరియా లేనట్టు రావచ్చు.