వీధి కుక్కపిల్లను తెచ్చుకున్నారా? పిడుదులు, ఫ్లీలు వదిలించే పద్ధతి

చెన్నైలో వీధి కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంటే దానితోపాటు పిడుదులూ ఫ్లీలూ వస్తాయి. పిడుదునే మనలో కొందరు గోమారి అంటారు. ఇక్కడి మందుల షాపులో ‘ఉణ్ణి’ అంటే వెంటనే అర్థమవుతుంది. పిడుదు చర్మాన్ని కరచుకుని కదలదు. ఫ్లీ సన్నగా, ముదురు గోధుమ రంగులో ఉండి, వేలు పెట్టేలోపే దూకేస్తుంది. ఈ ఊళ్ళో చలికాలం అంటూ లేదు కనుక ఏడాదంతా వీటి బెడద తప్పదు.

ముందు చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, తోక మొదట్లో చూడండి. కాలివేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. చాలామంది వదిలేసేది అక్కడే. రక్తం తాగిన ఆడ పిడుదు బూడిదరంగులో బఠాణీ గింజంత ఉబ్బుతుంది. దాని పక్కనే నువ్వుగింజలా చదునుగా, ఎర్రటి గోధుమరంగులో ఉండేది మగది.

తీయడానికి సన్నమొన పట్టకారు కావాలి. చేతికి గ్లోవ్స్ వేసుకుని, వెంట్రుకలు పాయ తీసి, పిడుదు పొట్టను కాక చర్మానికి ఆనుకుని ఉన్న మూతి దగ్గర పట్టుకోండి. మెలి తిప్పకుండా, కుదపకుండా నిదానంగా నిటారుగా లాగితే ఊడి వస్తుంది. కిరసనాయిలు, కాలే అగరొత్తి, నూనె ఏవీ వద్దు. పొట్ట నొక్కినా, ఇలా ఇబ్బంది పెట్టినా అది కడుపులోది కుక్క రక్తంలోకి కక్కే ప్రమాదం ఉంది. జబ్బులు అంటుకునే ముప్పు అలా పెరుగుతుంది. తీసినదాన్ని గోటితో నలపకుండా స్పిరిట్ సీసాలో వేయండి. ఆ చోట పావిడోన్ అయోడిన్ అద్దండి. మూతి ముక్క లోపల మిగిలితే సూదితో కెలకొద్దు, కొన్నాళ్ళకు అదే బయటకు వస్తుంది.

ఫ్లీలు ఉన్నాయో లేదో తేల్చడానికి పేలదువ్వెనతో నడుము మీద దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి తెల్లకాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రగా ఊరితే అది ఫ్లీల రెట్ట, అంటే జీర్ణమైన రక్తం. స్నానం చేయించేటప్పుడు ముందు మెడచుట్టూ నురగతో కట్టు కట్టండి, లేకపోతే అన్నీ మొహం మీదికి పరుగెత్తుతాయి.

మందు విషయంలో తొందర పనికిరాదు. పిడుదులనూ ఫ్లీలనూ చంపే ఫ్లూరలేనర్, అఫాక్సొలేనర్ మాత్రలు 8 వారాలు నిండి, 2 కిలోలు దాటిన కుక్కపిల్లలకే. మూర్ఛలు వచ్చే కుక్క అయితే డాక్టరుకు ముందే చెప్పండి. అంతకన్నా చిన్నవాటికి ఏది వాడాలో డాక్టరే చెప్పాలి. వేపేరిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించవచ్చు. ఇంట్లో పిల్లి ఉంటే కుక్కల పర్మెత్రిన్ మందు దాని దరిదాపులకు కూడా రానివ్వకండి, ప్రాణం తీస్తుంది.

ఇంత చేసినా నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాయంటే తప్పు మందుది కాదు, గోడది. మన ఊళ్ళ కుక్కల మీద ఎక్కువగా కనిపించే గోధుమరంగు పిడుదు జీవితంలో మూడుసార్లు భోంచేస్తుంది, ప్రతిసారీ కుక్కను వదిలి కిందికి దిగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు దానికి ఆరు కాళ్ళే, తర్వాతే ఎనిమిది. కడుపు నిండిన ఆడది గోడపైకి పాకి, తలుపు చట్రం వెనకో, గ్రిల్ మూలలోనో, పగులులోనో వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కనుక కుక్క పడుకునే చోట గోడను టార్చ్‌తో పైదాకా వెతకండి. పగుళ్ళను పుట్టీతో పూడ్చండి. పక్కగుడ్డలు వేడినీళ్ళలో ఉతకండి, కొబ్బరిపీచు పట్టా ఉంటే పారేయండి. ఫ్లీ పిల్లపురుగులు తమ చుట్టూ అల్లుకునే గూళ్ళలోకి మందు సరిగా దిగదు. కదలిక తగిలితే పురుగు బయటకొస్తుంది కాబట్టి రెండు మూడు వారాలు రోజూ వాక్యూమ్ చేయండి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వస్తే చేపల తొట్టి మూసి, గాలిపంపు ఆపండి.

చిగుళ్ళు తెల్లబడినా, ముక్కు వెంట రక్తం కారినా, జ్వరంతో తిండి మానినా, మూత్రం కాఫీ రంగులోకి మారినా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ఎర్లికియా, బబీసియా అనే పిడుదు జబ్బులు తొందరగా దొరికితే నయమవుతాయి; చిన్న కుక్కపిల్ల అయితే రక్తం తగ్గే వేగమే దాన్ని చంపేస్తుంది.