పాత తెలుగు సినిమాను పేరున్న బ్లూరే సంస్థ దాకా చేర్చడం ఎలా

హనుమకొండలో మా సినిమా మిత్రులు కూడినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: సత్యజిత్ రాయ్ చిత్రాలు అంత శ్రద్ధగా తయారైన బ్లూరేలుగా వస్తుంటే, మన నేల కథలతో తీసిన చిత్రాలకు ఆ అవకాశం ఎందుకు దొరకడం లేదు? మన చిత్రాల స్థాయిని శంకించవలసిన పని లేదు. నాకు అర్థమైనంతలో చిక్కంతా రెండు చోట్ల ఉంది: ఒకటి కాగితాల దగ్గర, రెండోది నెగటివ్, అంటే సినిమా మూల ఫిల్ము, దగ్గర. ఆ రెండూ తేలని సినిమాను ఎంత ఇష్టపడినా ఏ సంస్థా చేపట్టలేదు.

ముందు ఆ సంస్థలు ఎలా ఎంచుకుంటాయో చూడాలి. 1984లో లేజర్ డిస్కులతో మొదలైన అమెరికా సంస్థ క్రైటీరియన్ గానీ, బ్రిటన్‌లోని మాస్టర్స్ ఆఫ్ సినిమా గానీ అభిరుచితోనే వెతుకుతాయి. అయితే ఆ వెతుకులాట చాలావరకు ఇప్పటికే బాగుచేసిన ప్రతి ఉన్న చోటనే సాగుతుంది. అందుకే కాన్ ఉత్సవంలోని క్లాసిక్స్ విభాగం, ఇటలీలోని బొలోన్యాలో ఏటా జరిగే పాత చిత్రాల ఉత్సవం వారికి ముఖ్యమైన సంతలు. రాయ్ అపూ చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి దెబ్బతిన్నాయి. మిగిలిన వాటిని అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ భద్రపరచడం వల్లనే, బొలోన్యా ల్యాబ్ సాయంతో, 2015 నాటికి అవి మళ్లీ తెర మీదికి వచ్చాయి. కాలిన రీళ్లను సైతం ఎవరో ఒకరు పారేయకుండా దాచారన్నదే ఇందులో నాకు అన్నిటికంటే విలువైన విషయం.

ఇక మన పని. మొదట సెన్సార్ సర్టిఫికెట్ సంపాదించండి. దరఖాస్తుదారు పేరు, నిర్మాత పేరు, రీళ్ల సంఖ్య, నిడివి అందులో ఉంటాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు తొలి యజమాని సాధారణంగా నిర్మాతే, రక్షణ విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. కాబట్టి 1988లో విడుదలైన చిత్రానికి 2048 చివరిదాకా హక్కు ఉంటుంది. అయితే ఆ హక్కు నేడు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. నిర్మాత నుంచి ఫైనాన్షియర్‌కు, అక్కడి నుంచి నెగటివ్ హక్కులు కొన్న వారికి, వారి వారసులకు ఎలా వెళ్లిందో ఒక్కొక్క సంతకంతో చూపించగలగాలి. మధ్యలో ఒక్క కాగితం లేకపోయినా విదేశీ సంస్థ వకీలు అక్కడే ఆగిపోతాడు.

ఇక్కడ మన ప్రాంతంలో తరచూ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పాత పంపిణీదారు ఒకరి కొడుకు ఇనుప సందూక తెరిచి, పాత గుడ్డలో చుట్టిన స్టాంపు కాగితం నా చేతిలో పెట్టి, "ఈ సినిమా మాదే సార్, నాయిన కొన్నడు" అన్నారు. మడతల దగ్గర చిరిగిపోతున్న ఆ కాగితాన్ని ఇద్దరం దీపం కింద పెట్టి చదివాం. నైజాం ఏరియా, ప్రదర్శన హక్కులు, ఐదేళ్లు అని మాత్రమే ఉంది. ఆయన ముఖం చూసి నాకు బాధ కలిగింది, కానీ ఏరియా హక్కు వేరు, సినిమా హక్కు వేరు. చట్టంలోని 19వ సెక్షన్ కూడా గుర్తుంచుకోవాలి: హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. అయినా ఆ కాగితం వృథా కాదు. దాని మీద నిర్మాత సంతకం, చిరునామా ఉన్నాయి. మా అన్వేషణ అక్కడి నుంచే ముందుకు సాగింది.

సినిమాతో పాటు దానికి మూలమైన రచన హక్కులూ చూడాలి. 'మా భూమి' చిత్రానికి కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారం. ఆయన 1977లో మరణించారు కనుక ఆ నవలకు మన దేశంలో 2037 చివరిదాకా రక్షణ ఉంటుంది. ఇటువంటి చిత్రానికి నాటి అనుమతి పత్రం డిస్కులకు, విదేశాలకు వర్తిస్తుందో లేదో కూడా చూస్తారు. పాటల హక్కులు ఆడియో కంపెనీ దగ్గర విడిగా ఉండవచ్చు. ఇంకొక ఉచ్చు కూడా ఉంది: 1955 నాటి చిత్రానికి ఇక్కడ 2015తో గడువు తీరినా, అమెరికాలో సాధారణంగా 95 ఏళ్ల లెక్క చొప్పున 2050 చివరిదాకా రక్షణ ఉంటుంది. ఇక్కడ స్వేచ్ఛగా దొరుకుతున్నదని అక్కడ డిస్కు వేయలేరు.

తరువాత నెగటివ్. అది ఏ ల్యాబ్‌లో ఉందో, దాని మీద అధికారం ఎవరిదో ల్యాబ్ రాసి ఇచ్చే ల్యాబ్ లెటర్ ఎవరి పేరున ఉందో ముందు తేల్చండి. అక్కడ లేకపోతే పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను అడగండి. 1964లో ఏర్పడిన ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో కలిసింది. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కు కూడా రాయవచ్చు. నెగటివ్ దొరకనప్పుడు మంచి ప్రింటు ఒక్కటైనా ఆధారమవుతుంది.

డబ్బా తెరవగానే పుల్లటి సిర్కా వాసన వస్తే ఆ ఎసిటేట్ ఫిల్ము చెడిపోవడం మొదలైందని అర్థం. ఆ ఆవిరి పక్క రీళ్లకూ హాని చేస్తుంది కనుక వెంటనే విడదీసి, చల్లని, తేమలేని గదిలో ఉంచాలి. ప్రింటు ఎలా ఉందో చూద్దామని ప్రొజెక్టర్ మీద మాత్రం ఎక్కించవద్దు. కుంచించుకుపోయిన ఫిల్ము రంధ్రాల దగ్గర చిరుగుతుంది. పూర్తిగా ఉందో లేదో కొలిచి చెప్పవచ్చు: 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 160 నిమిషాల చిత్రమైతే 14,400 అడుగులు, అంటే సుమారు 4,390 మీటర్లు. సర్టిఫికెట్‌లోని నిడివితో పోల్చితే ఎంత పోయిందో తెలుస్తుంది.

ఇవన్నీ చేతికి వచ్చాకే సంస్థకు ఉత్తరం రాయండి. రెండు పేజీలు చాలు. సినిమా గొప్పదనాన్ని ఒక్క పేరాలో చెప్పి, హక్కుదారు ఎవరు, నెగటివ్ ఎక్కడ, దర్శకుడు లేదా ఛాయాగ్రాహకుడు ఇంటర్వ్యూకు అందుబాటులో ఉన్నారా అన్నది స్పష్టంగా రాయాలి. ఉప శీర్షికల అనువాదం మన యాస తెలిసినవారే చేయాలని ఇప్పుడే అడగండి. గడీ, దొర, వెట్టి అన్న మాటల బరువు బయటివారికి తెలియదు.

సంస్థ ఒప్పుకుంటే లైసెన్స్ ఒప్పందం వస్తుంది. అది అమ్మకం కాదు, కౌలు వంటిది. ఏ దేశాలకు, ఎన్నేళ్లకు, డిస్కుకేనా స్ట్రీమింగ్‌కు కూడానా అన్నది విడివిడిగా రాయించుకోవాలి. ముందుగా ఇచ్చే సొమ్ము మన పంపిణీదారులకు తెలిసిన ఎం.జీ. (మినిమం గ్యారంటీ, అంటే కనీస హామీ సొమ్ము) వంటిదే, రాయల్టీ ఆ సొమ్ము దాటాకే మొదలవుతుంది. గడువు తీరాక మిగిలిన డిస్కులు అమ్ముకోవడానికి ఎన్ని నెలలో కూడా ఉండాలి. చివరగా, స్కాన్ చేసిన ఫైళ్ల పూర్తి ప్రతి హక్కుదారుకు, మరొకటి ఆర్కైవ్‌కు అందాలనీ, డబ్బాలన్నీ లెక్క ప్రకారం తిరిగి రావాలనీ రాయించుకున్న తరువాతనే సంతకం చేయండి.