మన పేట మాటలతోనే ర్యాప్ కట్టండి

ర్యాప్ రాద్దామని కూర్చున్న పిల్లలు మొదట చేసేది బొంబాయి కుర్రాళ్ల గొంతు పెట్టుకోవడం. మా గోదావరి లంకలో సాయంత్రాలు నా దగ్గరికి వచ్చే పిల్లలకి ముందు అది మాన్పిస్తాను. ర్యాప్‌కి తల్లి లాంటి హిప్ హాప్ పుట్టిందే సొంత వీధిలో. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోగా బట్టలు కొనుక్కోవాలని టికెట్ పెట్టి పార్టీ చేసింది. రికార్డులు వేసింది ఆమె అన్న, కూల్ హెర్క్. పాటలో డ్రమ్ములు మాత్రమే మోగే చోటే జనం ఊగిపోతున్నారని కనిపెట్టి, ఆ ముక్కనే రెండు రికార్డులతో సాగదీసిన మనిషి ఆయన. ఇంట్లో ఉన్నవాటితోనే వాళ్లు మొదలుపెట్టారు. మనింట్లో డప్పుంది.

మా తాత డప్పుని వరిగడ్డి మంట సెగకి పట్టి, వేలితో తట్టి చూసేవాడు. చర్మం బిగిసి ఖంగుమనేదాకా వదిలేవాడు కాదు. బళ్లో పిల్లలు చూస్తారేమోనని ఆ డప్పు పక్కన నిలబడటానికే నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు నా పాటలన్నిటికీ అదే బీటు.

బీటు ఇలా తీసుకోండి. గోడల మధ్య మోత తిరుగుతుంది కాబట్టి చెట్టు కింద కొట్టించండి. ఫోన్ రెండు మూడు అడుగుల దూరంలో ఉంటే చాలు. నిమిషానికి 90 దెబ్బల వేగం పెట్టుకోండి, టిక్కు టిక్కుమని వేగం పట్టి చూపే మెట్రోనోమ్ యాప్ ఏదైనా సరిపోతుంది. బాగా వచ్చిన నాలుగు దెబ్బల ముక్క ఒకటి కోసి, మళ్లీ మళ్లీ మోగేలా లూప్ చెయ్యండి. అలాంటివి 16 అయితే ఒక చరణం, సుమారు 43 సెకన్లు. మొదటి పాటకి ఒక్క చరణం చాలు.

ఇక మాట. "సమాజం", "అన్యాయం" అని మొదలుపెట్టకండి. ఒక పిల్ల "వరద వచ్చింది, బతుకు మునిగింది" అని రాసుకొచ్చింది. నీళ్లొస్తే మీ ఇంట్లో ముందు మంచమెక్కేది ఏంటే అని అడిగాను. బియ్యం డబ్బా అంది. దాని మీద? మేకపిల్ల. అదే రాయమన్నాను.

ధవళేశ్వరం పదిహేడు దాటె
బియ్యం డబ్బా మంచమెక్కె
మేకపిల్ల డబ్బా ఎక్కె
నేనెక్కడ ఎక్కాల?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి. లంకలో ఆ అంకె తెలియని ఇల్లుండదు, పాటలో విప్పి చెప్పక్కర్లేదు.

ప్రాస దగ్గర అందరూ పొరపాటు పడతారు. తెలుగులో "వచ్చాను, చూశాను, వెళ్లాను" అంటే చాలు, చివర్లు వాటంతటవే కలిసిపోతాయి. కష్టపడకుండా వచ్చిన ప్రాస చెవికి ఆనదు. పద్యంలోలా రెండో అక్షరం కలపండి. అందులోనూ ఒత్తక్షరం దొరికితే వదలకండి. గట్టు, చెట్టు, పట్టు అని పలికి చూడండి. "ట్టు" దగ్గర నాలుక ఒక్క క్షణం ఆగి విడుస్తుంది. ఆ విడుపు సరిగ్గా డప్పు దెబ్బ మీద పడాలి.

గట్టు తెగింది, చెట్టు ఒరిగింది
పట్టు వదల్లేదు, మెట్టు దిగలేదు

చప్పట్లు కొడుతూ పదిసార్లు అనండి. ఒంటికి పట్టేస్తుంది.

అన్నిటికంటే కష్టమైంది మన గురించి మనం మంచిగా రాసుకోవడం. "ఏ పేటమ్మా మీది?" అని అడిగితే అది కులం అడగడమేనని ఇక్కడ అందరికీ తెలుసు. చాలా ఏళ్లు నేను మెయిన్ రోడ్డు పేరు చెప్పి తప్పించుకున్నాను. మిమ్మల్ని గుచ్చిన మాట ఏదైతే ఉందో దాన్ని కాగితం పైన రాయండి. బీటు పెట్టుకుని, గొంతు వణకడం ఆగేదాకా ఆ ఒక్క మాటే అనండి. నాకు రెండు రోజులు పట్టింది. ఆ తర్వాతే జవాబు రాయండి. జవాబులో ఎదుటివాళ్లని తిట్టొద్దు, చోటంతా మీ గురించే ఉండాలి.

ఏ పేటన్నావు కదా, విను
తాత కొట్టిన డప్పు పేట
నలుపు నాది, నవ్వు నాది
నడిచే గట్టు నాది

నీకు బాగా వచ్చిన పని ఒకటి రాయరా అంటే ఒక కుర్రాడు అరగంట తల వంచుకుని కూర్చున్నాడు. చివరికి "పడవ ఒంటిచేత్తో తిప్పుతాను" అని రాశాడు. వాడి పాటంతా ఆ లైను మీదే నిలబడింది.

రికార్డ్ చేసేటప్పుడు నిలబడి పాడండి, దుప్పటి కప్పుకుంటే గది మోత తగ్గుతుంది. ఎఫెక్టులు వద్దు, మన యాస వినబడాలి.

పాట ఎవరి గురించైతే ముందు వాళ్లకే వినిపించండి. మా అమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. ఆమె మీద కట్టిన పాట ఆమెకి పంపాను. "ఏడుస్తున్నానని రాశావేంటే? నేనేం ఏడవట్లేదు. పొద్దున్నే టీ పెట్టుకుని నీ ఫొటో చూసి పనిలోకి దిగుతాను, అది పెట్టు" అంది. ఆ రాత్రే చరణం మార్చి, మళ్లీ పాడి పంపాను.