షెల్ నిరాకరణ సందేశం మార్చే ముందు జాగ్రత్తలు

ప్రాజెక్టు ముగిసి, లినక్స్ సర్వర్‌లో పాత ఖాతాలకు నోలాగిన్ షెల్ (లాగిన్ కాబోయినవారికి నిరాకరణ సందేశం చూపి మూసుకునే ప్రోగ్రాం) పెట్టి, ఆ సందేశాన్ని మార్చబోతున్నవారు ముందుగా వీటిని సరిచూసుకోవాలి.

ఫైలు పేరు రెండుసార్లు చదవండి. ఎట్సీ డైరెక్టరీలోని (/etc, సిస్టమ్ సెట్టింగుల ఫోల్డరు) నోలాగిన్.టీఎక్స్‌టీ ఫైలు సందేశాన్ని మాత్రమే మారుస్తుంది. చివరి టీఎక్స్‌టీ మరిచి నోలాగిన్ అని ఫైలు పెడితే, పామ్ (లాగిన్‌లను తనిఖీ చేసే వ్యవస్థ) నోలాగిన్ మాడ్యూల్ అమలులో ఉన్న సర్వర్‌లో రూట్ (నిర్వాహక ఖాతా) తప్ప ఎవరూ కొత్తగా లాగిన్ కాలేరు, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో రూట్ ప్రవేశం కూడా మూసి ఉంటే దూరం నుంచి దిద్దుకునే దారే ఉండదు. అందుకే పని పూర్తయ్యేవరకు ఒక రూట్ సెషన్ తెరిచే ఉంచండి.

మీ నోలాగిన్ ఏ ప్యాకేజీదో చూడండి. యుటిల్-లినక్స్‌ ప్యాకేజీది నోలాగిన్.టీఎక్స్‌టీ ఫైలు చదువుతుంది, షాడో ప్యాకేజీది చదవదు.

ఎస్ఎఫ్‌టీపీ (ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్ల బదిలీ) వాడే ఖాతాలకు, షెల్‌తో పనిలేకుండా ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లోనే నడిచే ఇంటర్నల్-ఎస్ఎఫ్‌టీపీ నియమించండి. లేకుంటే సందేశంలోని మొదటి నాలుగు బైట్లను క్లయింటు ప్యాకెట్ పొడవుగా లెక్కిస్తుంది. This అనే మాటతో మొదలయ్యే మామూలు ఇంగ్లీషు సందేశానికి 1416128883 అనే సంఖ్యతో, సందేశం మరీ పొడవుగా ఉందన్న లోపం కనిపించేది ఇందువల్లనే. వాడుకరికి అది ఏమాత్రం అర్థం కాదు.

పోర్ట్ ఫార్వార్డింగ్‌ను (ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఇతర నెట్‌వర్క్ కనెక్షన్లను మళ్లించడాన్ని) విడిగా ఆపండి. నోలాగిన్ దాన్ని అడ్డుకోదు.

సందేశంలో కారణం, సంప్రదించవలసిన విభాగం రాయండి. సర్వర్ అంతర్గత వివరాలు వద్దు.